కాసిల్‌వేనియా డామినస్ కలెక్షన్, అడ్వాన్స్ కలెక్షన్: ఇన్నాళ్ళు ఆడాక నా మాట

మియాపూర్‌లో మెట్రో ఎక్కి సీటు దొరికిందంటే, అమీర్‌పేట వచ్చేలోపు ఒక సేవ్ రూమ్ (ఆటని భద్రపరుచుకునే గది) నుంచి ఇంకో సేవ్ రూమ్‌కి చేరిపోవచ్చు. దారిలో నాలుగైదు అస్థిపంజరాలు, గాల్లో అలలా ఊగుతూ వచ్చే మెడూసా తలకాయలు, గోడ పగలగొడితే దొరికే తిండి. జనం దిగుతున్నారంటే పైన బటన్ నొక్కి నా నింటెండో స్విచ్ ఆట యంత్రాన్ని నిద్రపుచ్చి సంచీలో పడేస్తాను. సాయంత్రం తిరుగు మెట్రోలో సరిగ్గా అదే మెట్టు మీద నిలబడి ఉంటాడు మనవాడు. డ్రాక్యులా కోటలో దారి వెతుక్కుంటూ తిరిగే ఈ కాసిల్‌వేనియా వీడియో ఆటలతో నా కాపురం చాలాకాలంగా ఇలాగే సాగుతోంది కాబట్టి ఈ సమీక్ష కూడా ఆ సీట్లో కూర్చున్నవాడి సమీక్షే అనుకోండి.

ముందు లెక్క చెప్పేస్తాను. 2021 సెప్టెంబర్‌లో అడ్వాన్స్ కలెక్షన్ వచ్చింది. అందులో నింటెండో వాళ్ళ చేతి యంత్రం గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలు మూడు: సర్కిల్ ఆఫ్ ది మూన్ (2001), హార్మనీ ఆఫ్ డిసొనెన్స్ (2002), ఆరియా ఆఫ్ సారో (2003). కొసరుగా సూపర్ నింటెండో కాలం నాటి డ్రాక్యులా ఎక్స్. 2024 ఆగస్టులో డామినస్ కలెక్షన్ వచ్చింది. అందులో ఆ తర్వాతి నింటెండో చేతి యంత్రం డీఎస్ ఆటలు మూడు: డాన్ ఆఫ్ సారో (2005), పోర్ట్రెయిట్ ఆఫ్ రూయిన్ (2006), ఆర్డర్ ఆఫ్ ఎక్లీసియా (2008). వీటికి తోడు 1980ల చివర్లో ఆర్కేడ్ దుకాణాల్లో నాణెం వేసి ఆడిన హాంటెడ్ కాసిల్, దాన్ని మొదటినుంచీ మళ్ళీ కట్టిన కొత్త రూపం. మొదటిది ఇరవై డాలర్లు, రెండోది పాతిక. ఇవి కొనామీ అనే కంపెనీ ఆటలు, వీటిని కొత్త యంత్రాల మీదికి తెచ్చింది ఎం2 అనే జపాన్ స్టూడియో. పాత ఆటల్ని పాతగానే ఉంచి కొత్త పెట్టెలో పెట్టడంలో వాళ్ళది అందెవేసిన చెయ్యి.

మనలో చాలామందికి ఈ ఆటలు ఎలా పరిచయమో తెలిసిందే. గేమ్‌బాయ్ అడ్వాన్స్ మన వీధి దుకాణాల్లో వేలాడే వస్తువు కాదు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవడో పెన్‌డ్రైవ్‌లో ఎమ్యులేటర్ (పాత ఆట యంత్రాన్ని కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రామ్) తెచ్చేవాడు, మనం కీబోర్డ్ మీద జెడ్, ఎక్స్ కీలు అరిగేదాకా ఆడేవాళ్ళం. నేను ఆరియా ఆఫ్ సారో మొదటిసారి పూర్తిచేసింది అలాగే, ఇంటర్నల్ పరీక్షల ముందు రాత్రి. ఉద్యోగం వచ్చాక డబ్బులిచ్చి ఆడదామన్న బుద్ధి పుట్టి కోఠి వైపు ఒక దుకాణంలో పాత డీఎస్ ఒకటి, డాన్ ఆఫ్ సారో కార్ట్రిడ్జ్ ఒకటి కొన్నాను. కార్ట్రిడ్జ్ నకిలీది. పన్నెండు గంటలు ఆడాక ఒకరోజు తెరిస్తే సేవ్ ఫైల్ ఖాళీ. అడగడానికి వెళ్తే ఆ దుకాణం ఉన్న చోట మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. అందుకే నా డబ్బుతో, నా అకౌంట్లో, సేవ్ చెరిగిపోతుందన్న బెంగ లేకుండా ఈ ఆటలు ఉన్నాయంటే నాకు సగం తృప్తి అక్కడే.

ఇక అసలు విషయం. ఈ రెండింటిలో ఏది బాగా తెచ్చారంటే నిస్సంకోచంగా డామినస్. కారణం గ్రాఫిక్స్ కాదు, మ్యాప్.

డీఎస్‌కి రెండు తెరలు. కింది తెర మీద ఆట, పై తెర మీద మ్యాప్. మ్యాప్ వద్దనుకుంటే అక్కడే మన బలాబలాల పట్టిక చూడచ్చు, కానీ రెండూ ఒకేసారి కనబడవు. ఇప్పుడు వెడల్పు తెర మీద ఆట పెద్దగా ఎడమవైపు, మ్యాప్, పట్టిక రెండూ చిన్నగా కుడివైపు, మూడూ ఒకేసారి ఉంటాయి. అమరిక నచ్చకపోతే మార్చుకోవచ్చు. చదవడానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ, ఈ రకం ఆటల ప్రాణమంతా మ్యాప్‌లోనే ఉంది. ఎక్కడో మూలన ఒక గది గోడ పూర్తిగా మూసుకోకుండా కనిపిస్తుంది. "ఇక్కడేదో ఉంది, అప్పుడు రెండుసార్లు గెంతడం రాక వదిలేశాను" అని గుర్తొస్తుంది. మ్యాప్ కోసం ఆట ఆపి మెనూలోకి వెళ్ళాల్సొస్తే ఆ గుర్తు రాదు. గేమ్‌బాయ్ ఆటలకి ఉన్నది ఒకటే తెర కాబట్టి అడ్వాన్స్ కలెక్షన్‌లో ఇప్పటికీ బటన్ నొక్కే మ్యాప్ చూడాలి. డామినస్ ఆడి మళ్ళీ ఆరియాకి వెళ్తే కుడివైపు ఖాళీలోకి కళ్ళు వాటంతటవే పోతున్నాయి.

రెండోది, స్టైలస్ (డీఎస్ తెర మీద గీసే పుల్ల) బాధ తప్పడం. డాన్ ఆఫ్ సారోలో పెద్ద శత్రువుని చావుదాకా తెచ్చాక తెర మీద ఒక ముద్ర గీయాలి. తడబడ్డామా, వాడికి కొంత ప్రాణం తిరిగొస్తుంది, మళ్ళీ కొట్టుకోవాలి. కొత్త యంత్రం చేతికొచ్చిన సరదాలో పెట్టిన ముచ్చట అది. నా పాత డీఎస్ తెర మీద గీతలు, దాని మీద నేను అంటించిన ప్లాస్టిక్ పొర. గెర్గోత్ అని ఒక కుళ్ళిన మాంసపు కొండ ఉంటుంది, దాంతో కొట్లాడుతుంటే గోపురం అంతస్తులు ఒక్కొక్కటే విరిగి ఇద్దరూ కిందకి పడుతుంటారు. మొత్తం సిరీస్‌లో నాకిష్టమైన పోరాటాల్లో అదొకటి. అక్కడ కుడిచేతి బటన్లు వదిలి స్టైలస్ పుచ్చుకుని గీత గీస్తే సగంలో తెగిపోయేది. నాలుగుసార్లు తెగింది. ఇప్పుడు ఆ ముద్ర స్థానంలో తెర మీద చూపించిన బటన్లు వరసగా నొక్కితే చాలు. తెర తాకి పగలగొట్టాల్సిన మంచు దిమ్మెలకి కుడి స్టిక్ ఉంది. అసలు ఆటని పాడుచేశారని కొందరంటారు. నా ఉద్దేశంలో ఆటకి పట్టిన ముల్లు తీశారు.

సోల్స్ వేట సంగతి మాత్రం మారలేదు, మార్చకూడదు కూడా. తెలియనివాళ్ళకి: ఆరియా, డాన్ రెండింటిలోనూ హీరో సోమా క్రూజ్. చంపిన శత్రువు ఆత్మ అప్పుడప్పుడు వెలుగు ముద్దలా వచ్చి అతనిలో కలిసిపోతుంది. ఎర్రది దాడికి, నీలంది తోడుకి, పసుపుది ఒంట్లో గుణానికి. ఎప్పుడు వస్తుందో చెప్పలేం. ఒకే గదిలోకి వెళ్ళి, చంపి, బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళి, ఇలా ముప్ఫైసార్లు. మా ఆవిడ ఒకరోజు పక్కన కూర్చుని చూసి, "ఏంటండీ, ఇందాకట్నించి ఆ తలుపు దగ్గరే ఉన్నారు, తాళం పడలేదా?" అంది. డాన్‌లో ఇంకో మెలిక ఉంది. ఆ ఆత్మల్నే కరిగించి ఆయుధాలు చేయించుకోవాలి, అంటే కష్టపడి పట్టిన దాన్ని మళ్ళీ పోగొట్టుకోవాలి. ఈ పీనాసితనపు బాధ నాకెందుకో ఇష్టం.

సర్కిల్ ఆఫ్ ది మూన్‌లో ఇదే వేట కార్డుల కోసం. పది ఒక రకం, పది ఇంకో రకం, జత చేస్తే వంద శక్తులు. ఏ శత్రువు దగ్గర కార్డుందో అసలు ఆటలో చెప్పరు. అడ్వాన్స్ కలెక్షన్‌లో కావాలంటే తెర అంచున ఒక చిన్న గుర్తు పెట్టుకోవచ్చు, ఎదురుగా ఉన్నవాడి దగ్గర కార్డుంటే అది చెబుతుంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు కాకుండా పద్ధతిగా వేటాడచ్చు. ఈ ఆటకి అసలు శాపం ఇంకొకటుండేది. మొదటి గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెరకి లోపలి దీపం లేదు, ఆటేమో కాటుక పూసినంత చీకటి. కిటికీ పక్కన ఎండలో కూర్చుని ఆడినవాళ్ళ కథలు చాలా విన్నాను. ఆ తర్వాతి ఏడాది హార్మనీని నిర్మాత ఇగరాషి బృందం అందుకేనేమో రంగులు గుప్పించి చేసింది, హీరో చుట్టూ నీలి అంచు కూడా గీసి. ఇప్పుడు వెలిగే తెర మీద సర్కిల్ అందంగా, హార్మనీ కాస్త జాతర దుకాణంలా కనిపిస్తున్నాయి. న్యాయం తిరగబడింది. హార్మనీ సంగీతం మాత్రం ఆ రోజుల్లోనే రేకు డబ్బాలా మోగేది, మంచి హెడ్‌ఫోన్ పెడితే ఇంకా స్పష్టంగా రేకు డబ్బాలా మోగుతోంది.

పోర్ట్రెయిట్ ఆఫ్ రూయిన్ గురించి ఎక్కువ చెప్పను. 1944, యుద్ధంలో చచ్చినవాళ్ళ ఆత్మలతో లేచిన కోట, కొరడా పట్టిన జొనాథన్, మంత్రాలు చదివే షార్లెట్, ఇద్దర్నీ ఒక్క బటన్‌తో మార్చుకుంటూ ఆడాలి. గోడకి తగిలించిన వర్ణచిత్రాల్లోకి దూకితే లోపల ఊళ్ళు, ఎడారి సమాధులు, తలకిందులైన సర్కస్. మొదటి నాలుగు బొమ్మలు బ్రహ్మాండం. తర్వాతి నాలుగూ వాటికే రంగు మార్చి తిప్పిపెట్టినవి. అప్పుడూ విసుగే, ఇప్పుడూ విసుగే. కలెక్షన్ దాన్నేం చేయగలదు.

ఆర్డర్ ఆఫ్ ఎక్లీసియా కోసమే అయినా పాతిక డాలర్లు పెట్టచ్చు. నేను దీన్ని డీఎస్ మీద ఎప్పుడూ ఆడలేదు, కార్ట్రిడ్జ్ దొరకలేదు, దొరికినా కోఠి అనుభవం తర్వాత ధైర్యం చాలలేదు. షనోవా అనే అమ్మాయి. జ్ఞాపకాలు, భావాలు రెండూ పోగొట్టుకుంది. కత్తులు, గొడ్డళ్ళు మోయదు, వాటి గుర్తుల్ని ఒంట్లోకి లాక్కుంటుంది. కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి ఒకటి. రెండు బటన్లూ ఒకదాని తర్వాత ఒకటి సరైన లయలో కొడితే దెబ్బలు ఆగకుండా పడతాయి. ఆత్రపడి ఒకేదాన్ని బాదితే నెమ్మది. పైగా ప్రతి దెబ్బకీ మంత్రశక్తి ఖర్చవుతుంది, రెండు క్షణాలు చేతులు కట్టుకుంటే తిరిగొస్తుంది. అంటే దరువు తెలియాలి, ఎక్కడ ఆపాలో తెలియాలి. డప్పు నేర్చుకున్నవాళ్ళకి నాకంటే తొందరగా అబ్బుతుందేమో. కలెక్షన్ పేరులోని డామినస్ కూడా ఈ ఆటలోని గుర్తే.

కష్టం మాత్రం మామూలు కష్టం కాదు. లైట్‌హౌస్‌లో ఒక ఎండ్రకాయ ఉంటుంది, తెరలో పట్టదు. అది కింద నుంచి మెట్లు విరగ్గొట్టుకుంటూ వస్తుంటే మనం పైకి ఎక్కుతూ కొట్టాలి. దాని డెక్కలు ఎప్పుడు గోడలోంచి పొడుస్తాయో, ఎప్పుడు బుడగలు ఊదుతుందో కంఠతా రావాలి. నాకు రెండు వారాల మెట్రో ప్రయాణాలు పట్టింది. చివర్లో లిఫ్టు దాని నెత్తిన పడి నలిపేసినప్పుడు అమీర్‌పేట దాటి ఎర్రమంజిల్ వచ్చేసింది.

రివైండ్ గురించి ఇక్కడే చెప్పాలి. రెండు కలెక్షన్లలోనూ ఆటని కొద్ది సెకన్లు వెనక్కి తిప్పచ్చు, ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. నా మేనల్లుడికి పదకొండేళ్ళు, సెలవులకి వచ్చి ఎక్లీసియా పట్టాడు. ఎండ్రకాయ దగ్గర ప్రతి దెబ్బకీ వెనక్కి తిప్పుకుంటూ అరగంటలో చంపేశాడు.

"అయిపోయింది మామయ్యా, ఈజీగానే ఉంది."

"అది డెక్క పొడిచే ముందు ఏం చేస్తుందిరా?"

"ఏమో, చూడలేదు."

వాణ్ణి తప్పు పట్టను, పిల్లల చేతిలో పెట్టడానికి ఆ సౌకర్యం లేకపోతే మూడో గదిలోనే వదిలేసేవాడు. కానీ ఈ ఆటల్లో సేవ్ రూమ్ అనేది ఒక గది మాత్రమే కాదు. ప్రాణం పది ఉండగా, మందు సీసా లేకుండా, తెలియని వరండాలో నడుస్తూ, ఆ తలుపు కనబడగానే వదిలే ఊపిరి. రివైండ్ ఉంటే ఆ ఊపిరి ఉండదు. మొదటి నెల నేనూ తెగ వాడాను, డాన్ అంతా అలాగే పూర్తయింది. ఇప్పుడు తలుచుకుంటే గెర్గోత్ తప్ప ఒక్క పోరాటమూ గుర్తులేదు. ఆ తర్వాత నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను: స్టేషన్ వచ్చి హఠాత్తుగా దిగాల్సినప్పుడు మాత్రమే క్విక్ సేవ్, రివైండ్ బంద్. ఎక్లీసియా రెండు రెట్లు కాలం పట్టింది.

ఒక హెచ్చరిక, కథ చెడగొట్టకుండా. ఎక్లీసియాలో చెరబట్టిన ఊరివాళ్ళందర్నీ విడిపించకుండా ఆల్బస్ అనే పాత్రతో తలపడితే ఆట అక్కడితో ముగిసిపోతుంది, డ్రాక్యులా కోట మొహం కూడా చూడకుండానే. నేనొకణ్ణి వదిలేశాను. క్రెడిట్స్ పడుతుంటే ఇంత చిన్న ఆటా అనుకున్నాను.

టీవీ మీద ఆడాలా అంటే, వద్దు. డీఎస్ తెరకి 256 చుక్కలు అడ్డం, 192 నిలువు. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ఇంకా తక్కువ, 240, 160. యాభై అంగుళాల టీవీకి పెడితే సోమా ముఖం ముగ్గుపిండితో వేసినట్టుంటుంది. మా హాల్లో ఒక ఆదివారం పెట్టి చూసి, పది నిమిషాల్లో టీవీకి కలిపే డాక్‌లోంచి స్విచ్‌ని తీసేశాను. చేతిలో మాత్రం ప్రతి చుక్కా గీసిన మనిషి చెయ్యి కనిపిస్తుంది.

హాంటెడ్ కాసిల్ పాతది మూడు నిమిషాలు ఆడాను, నాలుగో నిమిషం ఎవరైనా ఆడితే వాళ్ళ ఓపికకి దండం. కొత్తగా కట్టింది మాత్రం ఒక సాయంత్రం సరిపోయే మంచి కాలక్షేపం. డ్రాక్యులా ఎక్స్ నాకు ఎక్కలేదు. బొమ్మల గ్యాలరీ, పాటల పెట్టె, శత్రువుల చిట్టా ఉన్నాయి. చిట్టా మాత్రం తరచూ తెరుస్తాను, ఎవడి దగ్గర ఏం రాలుతుందో చూడ్డానికి.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకి నా వరస: ముందు ఆరియా, ఎందుకంటే డాన్ దాని కొనసాగింపు, రెండు కలెక్షన్లు కొనాల్సిరావడం ఒక్కటే చిరాకు. తర్వాత డాన్. తర్వాత నేరుగా ఎక్లీసియా, ఓడిపోవడానికి సిద్ధపడి. పోర్ట్రెయిట్ ఎప్పుడైనా పర్లేదు. సర్కిల్‌ని వానాకాలం రాత్రులకి దాచుకోండి, దీపం ఆర్పేసి. కోఠి డీఎస్ ఇంకా అల్మారాలోనే ఉంది, మొన్న తీసి చూస్తే బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది.