మొదటి యుకులేలే: కిట్టా, చెక్క నుంచా?

చిన్న గిటార్ లాంటి ఈ నాలుగు తీగల వాద్యం వాయించడం కాస్త వచ్చాక చేతులు ఊరుకోవు, ఒకటి సొంతంగా చేసుకోవాలనిపిస్తుంది. అలా అనిపించిన వాళ్లంతా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: విడిభాగాలు సిద్ధంగా వచ్చే కిట్ కొనాలా, చెక్క తెచ్చి మొదటి నుంచీ చేయాలా?

కిట్లు రెండు రకాలు. ఒకదాంట్లో డబ్బా అతికించేసి వస్తుంది. మెడ తగిలించి, తీగలు కట్టే చెక్క ముక్క (బ్రిడ్జ్) అంటించి, రంగు వేసి తీగలు కట్టుకోవడమే. పిల్లలతో కలిసి సెలవుల్లో చేయడానికి బాగుంటుంది.

రెండో రకంలో పక్క చెక్కలు వంచి, మెడ మీద మెట్లు (ఫ్రెట్లు) కూర్చునే గాడులు కోసి ఇస్తారు. డబ్బా మాత్రం మీరే మూయాలి. మొదటిసారికి నేను చెప్పేది ఇదే.

కారణం ఆ గాడులు. కాన్సర్ట్ అనే మధ్యస్థ సైజులో తీగ పొడవు సుమారు 381 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం, సుమారు 21.4 మిల్లీమీటర్లు, వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. లెక్క తేలికే, రంపంతోనే కష్టం. వీణకైతే మైనం కరిగించి మెట్టు సరిచేసుకోవచ్చు. ఇక్కడ గాడి పడిందంటే పడినట్టే. 12వ మెట్టు దగ్గర ఒక్క మిల్లీమీటరు తప్పినా అపశ్రుతి చెవికి తెలిసిపోతుంది. ఎంత అందంగా చేసినా, శ్రుతి నిలవని వాద్యాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోబుద్ధి కాదు.

అసలు ఆనందం పైచెక్క దగ్గర ఉంది. చాలా కిట్లలో అది కాస్త మందంగానే వస్తుంది. ఉప్పు కాగితంతో రుద్దుతూ, వేలితో తట్టి వింటూ పోవాలి. మొదట బల్ల మీద కొట్టినట్టు పలుకుతుంది. రెండు మిల్లీమీటర్లకు దగ్గరపడేసరికి ఆ చప్పుడులో ఒక మోగు వస్తుంది. అక్కడ ఆపాలి. ఆ క్షణం కోసమే నేను మళ్లీ మళ్లీ ఈ పనికి కూర్చుంటాను. లోపలి అంచు పట్టీలు అతికేటప్పుడు బిగించడానికి బట్టల క్లిప్పులు చాలు.

చెక్క నుంచి చేయడంలో గొప్ప ఆకర్షణ కర్రను మనమే ఎంచుకోవడం. హవాయిలో కోవా అనే అక్కడి చెట్టు కర్రతో పాటు మామిడి కర్రతోనూ యుకులేలేలు చేస్తారు. మనకు మామిడికి కొదవేముంది! 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి ఓడలో హొనొలులు చేరి ఈ వాద్యానికి రూపమిచ్చిన నూనెజ్, డియాస్, ఎస్పిరిటో సాంటో ముగ్గురూ వడ్రంగులే. కాకపోతే పక్క చెక్కను వేడి గొట్టం మీద వంచే ఒడుపు కొన్ని చెక్కలు విరిగితే గానీ రాదు. రెండోసారికి అట్టిపెట్టుకోండి.

వాయించడమొక్కటే కావాలంటే దుకాణంలో కొనుక్కోండి.

దేంతో మొదలుపెట్టినా ముసురు రోజుల్లో డబ్బా అతికించకండి. చెక్క తేమ పీల్చి ఉబ్బి ఉంటుంది, ఎండాకాలంలో కుంచించుకుని చీలుతుంది. నాది ఒకటి అలాగే పోయింది. తీగలు కట్టిన మొదటి వారం శ్రుతి గంటగంటకీ జారుతుంది. టెన్షన్ పడకండి, కొత్త నైలాన్ సాగుతోందంతే.