18 వోల్టుల బ్యాటరీ ప్యాకులు: ఏళ్ల వాడకం తర్వాత ఛార్జింగ్ గురించి

డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవర్, గ్రైండర్ మూడింటికీ ఒకే రకం లిథియం అయాన్ ప్యాకులు మార్చి మార్చి వాడితే, ఒకేసారి కొన్నవి ఒకేసారి పోవు. ముందుగా డీలా పడేది ఎప్పుడూ గ్రైండర్‌కి తగిలించేదే. అది లాగే కరెంటు ఎక్కువే, కాదనలేం. కానీ సగం పాపం, చెయ్యి కాలేంత వేడిగా ఉన్న ప్యాకును అలాగే తీసుకెళ్లి ఛార్జర్‌లో పెట్టే అలవాటుది. అరచేతికి వెచ్చదనం తెలియనంత వరకు ఆగాలి, అరగంట పట్టినా సరే. మంచి ఛార్జర్ అయితే ప్యాక్ చల్లారేదాకా తనే ఛార్జింగ్ మొదలుపెట్టదు. తొందర కొద్దీ ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ పడుతుంది. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే ఇంకో రకం నష్టం: లిథియం ఎలక్ట్రోడ్ (సెల్‌లో ఛార్జ్ నిలవుండే పొర) లోపలికి వెళ్లకుండా పైన లోహంగా పేరుకుంటుంది. ఆ కెపాసిటీ మళ్లీ రాదు.

ఫాస్ట్ ఛార్జర్ మంచిదా చెడ్డదా అన్నది ప్యాకును బట్టి ఉంటుంది. 18 వోల్టులంటే వరుసగా 5 సెల్స్. 2 ఆంపియర్ అవర్ (ప్యాకులో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) ప్యాకులో ఒకటే వరుస, కాబట్టి 6 ఆంపియర్ల ఛార్జర్ పెడితే ప్రతి సెల్ ఆ 6 ఆంపియర్లూ మింగాలి. రెండు వరుసల 5 ఆంపియర్ అవర్ ప్యాకులో సెల్‌కి 3 ఆంపియర్లే. చిన్న ప్యాకును గుర్తించి కరెంటు తగ్గించే ఛార్జర్లూ ఉన్నాయి. మీది అలాంటిది కాకపోతే చిన్న ప్యాకులకు నెమ్మది ఛార్జరే వాడండి.

"పూర్తిగా దింపాకే ఛార్జ్ పెట్టాలి" అన్నది నికెల్ కాడ్మియం అనే పాత రకం బ్యాటరీల కాలం నాటి మాట. లిథియంకి అది హాని. టూల్ ఆగిపోయాక కాసేపటికి వోల్టేజి కొంత పైకి లేస్తుంది, దాన్ని నమ్మి ఇంకో నాలుగు స్క్రూలు బిగిద్దామని ట్రిగ్గర్ నొక్కకూడదు. అసలు ముప్పు ఆ తర్వాత: ఖాళీ ప్యాకును పెట్టెలో పడేసి నెలలు మరిచిపోవడం. ప్యాక్ లోపలి సర్క్యూట్ బోర్డు కరెంటును కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది, సెల్స్ మరీ కిందికి జారాక ఛార్జర్ ఎర్ర లైటు చూపించి తిప్పికొడుతుంది. అప్పుడు మంచి ప్యాకుతో వైర్లు కలిపి "లేపే" చిట్కా చాలామంది చెబుతారు. వద్దు. అంత లోతుకు పడిన సెల్‌లో రాగి కరిగి లోపలే షార్ట్ అయ్యే అవకాశం ఉంది.

దాచేటప్పుడు ప్యాక్ మీద ఛార్జ్ చూపే నాలుగు లైట్లలో రెండు వెలిగితే చాలు. మల్టీమీటర్‌తో చూస్తే సుమారు 18.5 వోల్టులు. నిండా ఛార్జ్ అంటే 21, ఆ స్థితిలో ఎండలో నిలిపిన బండిలో వదిలేయడం అన్నిటికన్నా చేటు. మూడు నెలలకోసారి లైట్లు చూడండి.

నాలుగు లైట్లూ వెలుగుతూనే లోడ్ పడగానే టూల్ ఆగిపోతోందా? చాలాసార్లు ఒక సెల్ మిగతావాటికన్నా వెనకబడి ఉంటుంది. సెల్స్‌ని సమం చేసే ఏర్పాటు చాలా టూల్ ప్యాకుల్లో లేదు, ఇది కంపెనీల పిసినారితనమే. అలవాట్లు మార్చినా ఆ ప్యాక్ కోలుకోదు.

గ్రైండర్ పని ఎక్కువుంటే ఒక పెద్ద ప్యాక్ కన్నా రెండు 5 ఆంపియర్ అవర్‌వి మేలు. ఒకటి తిరుగుతుంటే ఇంకోటి చల్లారుతుంది.