మంచుకొండ దూకుడా, డ్యామ్ దూకుడా?

బాండ్ సినిమాల్లో ఏ దూకుడు స్టంట్ గొప్పదన్నది జేమ్స్ బాండ్ అభిమానుల మధ్య తెగని పంచాయితీ. 1977 నాటి 'ద స్పై హూ లవ్డ్ మీ'లో రోజర్ మూర్ బాండ్ స్కీలతో (మంచు మీద జారే పలకలు) కొండ అంచు దాటేస్తాడు. సంగీతం టక్కున ఆగిపోతుంది. మనిషి అలా పడిపోతూనే ఉంటాడు, హాల్లో ఊపిరి బిగబట్టాల్సిందే. అప్పుడు బ్రిటన్ జెండా రంగుల పారాషూట్ విచ్చుకుంటుంది! కథలో అది ఆస్ట్రియా. నిజంగా దూకింది స్టంట్‌మ్యాన్ రిక్ సిల్వెస్టర్, కెనడాలోని మౌంట్ ఆస్గార్డ్ మీంచి. ఊడిన స్కీ ఒకటి పారాషూట్‌ను రాసుకుంటూ పోవడం జాగ్రత్తగా చూస్తే కనిపిస్తుంది. అది చిక్కుకుని ఉంటే? ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

1995 'గోల్డెన్ఐ'లో బంజీ తాడుతో (రబ్బరులా సాగే తాడు) దూకుడు స్విట్జర్లాండ్‌లోని వెర్జాస్కా డ్యామ్ మీంచి, 220 మీటర్లు. దూకింది వేన్ మైకేల్స్. పియర్స్ బ్రాస్నన్‌కు బాండ్‌గా ఇదే తొలి సినిమా కాబట్టి ఎంట్రీ అదిరింది. కానీ కాసేపటికే బైక్ మీద లోయలోకి దూకి, గాల్లోనే విమానాన్ని అందుకుంటాడు చూడండి, అక్కడ నవ్వొచ్చేస్తుంది.

నా ఓటు మంచుకొండకే. ఆ నిశ్శబ్దమే నన్ను కట్టిపడేసింది మరి.