ఉద్యోగం పోయాక లింక్డ్‌ఇన్: ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

ఉద్యోగం పోగానే చాలామంది లింక్డ్‌ఇన్ తెరిచి నేరుగా జాబ్స్ ట్యాబ్‌కి వెళ్తారు. కనిపించిన ప్రతి ప్రకటనకీ, లింక్డ్‌ఇన్‌లోనే దరఖాస్తు పంపే ఈజీ అప్లై బటన్ నొక్కేస్తారు. ఈ సర్వీసులో అన్నిటికన్నా బలహీనమైన భాగం అదే. దీని బలమంతా ఎవరు ఏ కంపెనీలో ఏ పని చేస్తున్నారో చెప్పే మనుషుల జాబితాలో ఉంది. మనుషుల్ని పట్టుకోవడానికి ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు, ఉద్యోగ ప్రకటనలకు రెండు చాలు.

అన్నిటికంటే ముందు ఈమెయిల్ సంగతి చూసుకోండి. ఖాతా ఆఫీసు మెయిల్‌తో తెరిచి ఉంటే, ఆ మెయిల్ ఆగిన రోజు నుంచి పాస్‌వర్డ్ మార్చే లింకులూ కోడ్‌లూ అందులోకే పోతాయి, మీకు అందవు. సెట్టింగ్స్‌లో సైన్ ఇన్ అండ్ సెక్యూరిటీ కింద సొంత మెయిల్ చేర్చి, దాన్నే ప్రైమరీ చేసి, పాతదాన్ని తీసేయండి. ఆఫీసు ఇచ్చిన ఫోన్ నంబర్ ఉంటే అదీ మార్చాలి. లేఆఫ్ కబురు వినిపిస్తున్నప్పుడే ఈ పని చేసుకుంటే ఇంకా మంచిది.

తర్వాత, ఎక్కువమంది ముట్టుకోని ఒక సదుపాయం ఉంది. సెట్టింగ్స్‌లోని డేటా ప్రైవసీలో మీ డేటా కాపీ అడగొచ్చు. అందులో కనెక్షన్స్ ఒక్కటే ఎంచుకుంటే ఫైలు త్వరగానే వస్తుంది, మొత్తం డేటా అడిగితే ఆలస్యమవుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే పేరు, కంపెనీ, హోదా, ఎప్పుడు కనెక్ట్ అయ్యారన్న తేదీ వరుసగా ఉంటాయి. ఈమెయిల్ గడి చాలావరకు ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే చూపించడానికి ఒప్పుకున్నవాళ్లదే వస్తుంది. కంపెనీ పేరు ప్రకారం సార్ట్ చేయండి. ఎప్పుడో కలిసి పనిచేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో ఒక్క చూపులో తెలుస్తుంది. ఫీడ్‌లో ఎంతసేపు వెతికినా ఇది దొరకదు. నేరుగా కనెక్ట్ అయినవాళ్లకు మెసేజ్ పెట్టడానికి డబ్బు కట్టక్కర్లేదు. కొత్తవాళ్లకు పంపే ఆహ్వానంలో నోట్ రాయాలంటే మాత్రం ఉచిత ఖాతాకు నెలకు కొన్నే ఉంటాయి, వాటిని పొదుపుగా వాడండి.

మెసేజ్‌లో 'ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి' అని రాస్తే ఎదుటివారికి ఏం చేయాలో తోచదు, జవాబు రాదు. ఒక్క వాక్యంలో చెప్పగలిగే సంగతి అడగండి: 'నమస్తే అండీ, బిల్లింగ్ ప్రాజెక్టులో కలిసి పనిచేశాం. నా ఉద్యోగం పోయింది. మీ కంపెనీలో టెస్ట్ లీడ్ ఖాళీ కనిపించింది. ఆ టీమ్ ఎవరు చూస్తారో చెప్పగలరా?' రెజ్యూమె అప్పుడే జత చేయకండి, వాళ్లు అడిగాక పంపండి.

ఇక ప్రొఫైల్. పేరు కింద కనిపించే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటుంది. అందులో 'కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను' అని రాసి చోటు పాడుచేయొద్దు. రిక్రూటర్లు వెతికేది హోదా పేరుతో, పనిముట్ల పేర్లతో. 'టెస్ట్ లీడ్ | సెలీనియం, పోస్ట్‌మ్యాన్ | బ్యాంకింగ్' అన్నట్టు రాస్తేనే వెతుకులాటలో తగులుతారు. పాత ఉద్యోగానికి ముగింపు తేదీ తప్పక వేయండి. వేయకపోతే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో తేడా బయటపడి, అందాకా వచ్చిన ఆఫర్ అక్కడే ఆగిపోవచ్చు. విరామం చూపించడానికి 2022 నుంచి కెరీర్ బ్రేక్ విభాగం ఉంది, కారణాల్లో లేఆఫ్ కూడా ఉంది. సిగ్గుపడాల్సిందేమీ లేదు, వాడుకోండి. మార్పులు సేవ్ చేసేముందు నెట్‌వర్క్‌కు తెలియజేసే బటన్ ఆపేయండి.

ఉద్యోగం వెతుకుతున్నామని చూపించే ఓపెన్ టు వర్క్‌లో రెండు దారులున్నాయి. ఒకటి రిక్రూటర్లకే కనిపిస్తుంది, రెండోది ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వేసి అందరికీ చూపిస్తుంది. ఉద్యోగం ఇప్పటికే పోయినవాళ్లకు రెండోదే మేలు, పాత సహోద్యోగుల కంట పడేది అదే. ఇంకా నోటీసులో ఉన్నవాళ్లు మొదటిదాన్ని పూర్తిగా నమ్మకూడదు. మీ కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా చూస్తామంటారు గానీ, కచ్చితంగా దాగుతుందని లింక్డ్‌ఇన్ కూడా హామీ ఇవ్వదు.

ఈజీ అప్లై వాడక తప్పకపోతే, ఏ రెజ్యూమె జతైందో ప్రతిసారీ చూడండి. పాతది దానంతటదే ఎంపికై ఉంటుంది. గత 24 గంటల ప్రకటనలే చూపించే ఫిల్టర్ పెట్టి, అలర్ట్‌ను రోజువారీకి మార్చండి. ప్రకటన కంపెనీ సొంత సైట్‌కు తీసుకెళ్లేదైతే, వందమందికి పైగా అప్లై చేశారని చూసి వెనక్కి తగ్గొద్దు. అక్కడ లెక్కించేది అప్లై బటన్ నొక్కినవాళ్లను, దరఖాస్తు పూర్తిచేసినవాళ్లను కాదు.

డబ్బు కట్టి వాడే ప్రీమియం ఖాతా ఉచిత ట్రయల్ మొదటి రోజే మొదలుపెడితే దండగ. ప్రొఫైల్, స్ప్రెడ్‌షీట్, రాయాల్సినవాళ్ల పేర్లు సిద్ధమయ్యాక తెరవండి. పరిచయం లేనివాళ్లకు రాసే ఇన్‌మెయిల్స్ అప్పుడే అక్కరకొస్తాయి. 90 రోజుల్లో జవాబొస్తే, ఆ ఇన్‌మెయిల్‌కు ఖర్చైన క్రెడిట్ తిరిగొస్తుంది. గడువు ముగిసే రోజు దాకా ఆగకుండా ముందే రద్దు చేయండి. ఐఫోన్ యాప్‌లో కొన్నది ఆపిల్ సబ్‌స్క్రిప్షన్స్‌లోనే రద్దవుతుంది.

నకిలీ రిక్రూటర్ల బెడద ఇక్కడ నిజంగా ఉంది, ఉద్యోగం పోయినవాళ్లే వాళ్ల గురి. ఎవరైనా రాసీరాయగానే వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో రమ్మంటే ఆగి, ప్రొఫైల్‌లోని మెనూ నుంచి 'అబౌట్ దిస్ ప్రొఫైల్' తెరవండి. చేరిన నెల, ఏడాది, వెరిఫికేషన్ ఉన్నదీ లేనిదీ కనిపిస్తాయి. ఏళ్ల అనుభవం ఉన్నట్టు రాసుకున్న మనిషి ఖాతా ఈమధ్యే తెరిచి ఉంటే అనుమానించండి. కంపెనీ డొమైన్ మెయిల్ నుంచి రాయమనండి. శిక్షణకో ల్యాప్‌టాప్‌కో ముందు డబ్బు కట్టమంటే రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయండి.