బాలింత కిట్‌కు డబ్బు వేసే ముందు ఇది చదవండి

అనంతపురం చుట్టుపక్కల కాన్పయిన ఇళ్లవాళ్లకు ఫోన్‌లో ఒక ప్రకటన తెగ వస్తోంది. 'బాలింత కిట్' అట. ఒక డబ్బా కాయం లేహ్యం (బాలింతలకు పెట్టే సొంటి, బెల్లం ఉండ), ఒక డబ్బా పాలు పెరిగే పొడి, ఇంకో డబ్బా రాగి మాల్ట్. మూడూ కలిపి 2,850 రూపాయలు. డబ్బు ముందే వేయాలి, క్యాష్ ఆన్ డెలివరీ లేదు. పాతూరులో పుట్టింట్లో ఉన్న మా చెల్లి కోసం మా మరిది తెప్పించాడు. దయచేసి ఎవరూ కొనకండి.

వాళ్లు అమ్మే పద్ధతి చూడండి. మెసేజ్ పెట్టగానే ముందు అడిగేది ఒకటే: "పాలు చాలుతున్నాయా అక్కా?" రాత్రంతా ఏడ్చే బిడ్డను ఎత్తుకుని తిరుగుతున్న పచ్చి బాలింత, చాలుతున్నాయని గట్టిగా ఎలా చెప్తుంది? అక్కడే పట్టేస్తారు. నిజానికి బిడ్డ ఎంత తరచుగా చప్పరిస్తే పాలు అంత ఊరతాయి. మొదటి వారాల్లో రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి. ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు ఉచ్చ పోస్తూ, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగొస్తే టెన్షన్ అక్కర్లేదు. అనుమానముంటే ఆస్పత్రిలో తూకం వేయించండి, పొడి డబ్బా కొనడం కాదు.

ఇక పార్శిల్ సంగతి. లేహ్యం మూత తీయగానే మా అవ్వ వాసన చూసి "ఇది కాయమేందమ్మే, డాల్డా వేసిన బెల్లం పాకం" అనేసింది. డబ్బా మీద తయారుచేసినవాళ్ల అడ్రస్ లేదు, ఫోన్ నంబర్ మాత్రమే. తేదీ స్టిక్కర్ ఎందుకో ఎత్తుగా కనిపిస్తే గోరుతో గీకాను, కింద ఇంకో పాత తేదీ ఉంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబర్ అని ముద్రించారు కానీ లెక్కపెడితే 13 అంకెలే. అసలు నంబర్‌కు 14 అంకెలుంటాయి, లైసెన్స్ అయితే 1తో, చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్ అయితే 2తో మొదలవుతుంది. మాల్ట్‌కు రాగి అని పేరేగానీ పదార్థాల్లో మొదట ఉన్నది పంచదార, తర్వాత గోధుమపిండి, మూడోది రాగులు. ఏది ఎక్కువ బరువుంటే అదే ముందు రాయాలని నియమం. అంటే మనం 2,850 పెట్టి కొన్నది చక్కెర.

డబ్బు పోతే పోయింది అనుకోవచ్చు. నాకు ఒళ్లు మండింది దాంతోపాటు పంపిన పథ్యం కాగితం చూసి. పప్పు వద్దు, పెరుగు వద్దు, ఆకుకూరలు వద్దు, నీళ్లు రోజుకు రెండు గ్లాసులే. అన్నిటికంటే ఘోరం, "లేహ్యంలోనే ఐరన్ ఉంది, ఆస్పత్రి మాత్రలు ఆపేయండి" అని. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకు సుమారు 600 కేలరీలు, 17 గ్రాముల ప్రొటీన్ ఎక్కువ కావాలని మన హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) చెప్తోంది. పప్పు, పెరుగు మానేస్తే ఆ ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వాడాలి, కాల్షియం కూడా అన్ని నెలలూ. రెండూ ఒకేసారి మింగకూడదు, మధ్యలో గ్యాప్ ఇవ్వాలి. ఇంటికొచ్చిన ఆశా అక్క ఆ కాగితం చూసి గట్టిగా కేకలేసి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టించింది.

లేహ్యం తిన్నాక చెల్లికి విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మినవాళ్లను అడిగితే వచ్చిన జవాబు: "లోపలి చెడంతా పోతోంది, మంచిదే అక్కా." ఆపేశాక తగ్గాయి. లైసెన్స్ ఏదని అడిగితే "ఇది ఆహారమే, మందు కాదు" అన్నారు. మరి ఆహారమైతే పాలు రెట్టింపవుతాయని, నడుం నొప్పి పోతుందని ఎలా రాశారని అడిగితే "ఆయుర్వేదం కదా" అన్నారు. ఆయుర్వేద మందైనా తయారీ లైసెన్స్ నంబర్ డబ్బా మీద ఉండాల్సిందే. డబ్బు వాపసు అడగగానే బ్లాక్ చేశారు.

ఇప్పుడు అవ్వే కాయం చేసింది. సొంటి, పిప్పళ్లు, మిరియాలు, వాము, బెల్లం, నెయ్యి. నెయ్యి మినహాయిస్తే ఖర్చు ఐదొందలు దాటలేదు. అదీ ఉసిరికాయంత ఉండ, రోజుకు ఒక్కటే. మిగతాదంతా మామూలు తిండి: రాగి సంగటి, మునగాకు పప్పు, గుడ్డు, పెరుగు, వేయించిన శెనక్కాయలు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, దాన్ని రంగు డబ్బాలో కొనాల్సిన పనేముంది? అంగన్‌వాడీలో బాలింతలకు గుడ్లు, పాలు ఇస్తారు, పేరు రాయించుకోకపోతే రాయించుకోండి.

ఇప్పటికే డబ్బు వేసినవాళ్లుంటే చాట్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్, డబ్బా నాలుగువైపులా ఫొటోలు దాచి, 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మేమూ ఫిర్యాదు పెట్టాం. మొన్న వేరే పేరుతో కొత్త పేజీ కనిపించింది. ఆకుపచ్చ మూతల డబ్బాలు, మీద ఎర్రచీర తల్లి బొమ్మ, ఫొటోలన్నీ అవే. ధర మాత్రం 3,200 చేశారు.