ఓబ్రియన్ దారా, పార్నెల్ దారా?

ఇద్దరూ ఐర్లండ్ భూస్వాములే, ప్రొటెస్టెంట్లే, బ్రిటిష్ పార్లమెంటు సభ్యులే. విలియం స్మిత్ ఓబ్రియన్ కరువు చూసి ఓపిక నశించి 1848లో బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డాడు. బాలింగారీ అనే ఊళ్లో పోలీసులు తిరుగుబాటుదారుల నుంచి తప్పించుకోడానికి ఒక వితంతువు ఇంట్లో దూరారు. లోపల ఆమె పిల్లలు. ఓబ్రియన్ స్వయంగా కిటికీ దగ్గరికెళ్లి పోలీసులతో చేయి కలిపి మాట్లాడాడు. ఈలోగా కాల్పులు మొదలయ్యాయి, తిరుగుబాటు అక్కడితో సరి. ఆయనకు పడిన మరణశిక్షను తర్వాత నేటి టాస్మానియాకు ప్రవాసంగా మార్చారు.

చార్లెస్ స్టీవర్ట్ పార్నెల్ తుపాకీ పట్టలేదు. రైతును వెళ్లగొట్టిన పొలాన్ని తీసుకున్నవాణ్ణి దారిలో, దుకాణంలో, సంతలో, చివరికి చర్చిలో కూడా దూరం పెట్టమని 1880లో ఎనిస్ అనే ఊళ్లో జరిగిన సభలో చెప్పాడు. మరుసటి ఏడాది జైలుకెళ్లాడు, కానీ అదే ఏడాది భూచట్టమూ వచ్చింది. కౌలు ఎంతుండాలో కోర్టు తేల్చే వీలు దొరికింది. ధైర్యంలో ఓబ్రియన్ తక్కువేం కాదు. రైతుకు అక్కరకొచ్చింది మాత్రం పార్నెల్ దారే.