14,000కు కుక్కపిల్ల, ఏడాదికి 90,000 ఖర్చు: విజయవాడ, గుంటూరు వాళ్లు కాస్త ఆగి కొనండి

లాబ్రడార్ పిల్ల కోసం ఫోన్లో ప్రకటనలు తిరగేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, అడ్వాన్స్ కొట్టే ముందు ఇది ఒకసారి చదవండి. మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో. పోయినేడాది కార్తీక మాసంలో గుంటూరు వైపు ఒకతని దగ్గర పిల్లను కొన్నాను. ఈమధ్యే ఏడాది నిండింది. ఖర్చంతా నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను కాబట్టి కింద చెప్పే లెక్కలన్నీ నా జేబులోంచి పోయినవే.

ప్రకటనలో "హెవీ బోన్, పంచ్ ఫేస్, షో క్వాలిటీ" అని ఉంది. ఈ మాటలకు అర్థం ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, అప్పుడు మాత్రం గొప్పగా అనిపించాయి. తల్లి ఫొటో పంపాడు. పిల్లల్ని చూడటానికి ఇంటికి వస్తామంటే, "మా ఇంట్లో పెళ్లి పనులు సార్, మీరెందుకు శ్రమ పడతారు, నేనే తెచ్చిస్తా" అన్నాడు. కాజ టోల్‌గేట్ దాటాక రోడ్డు పక్కన బండి ఆపి, అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చాడు. తల్లిని చూపించని దగ్గర పిల్లను కొనకూడదని తర్వాత పదిమంది చెప్పారు. మా అమ్మాయి అప్పటికే దాన్ని ఒళ్లో పెట్టుకుని బంటి అని పేరు కూడా పెట్టేసింది. ఇక వెనక్కి ఎలా ఇస్తాం?

రేటు 14,000. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, జాతి కుక్కల్ని నమోదు చేసే సంస్థ) పేపర్లు కావాలంటే వేరే అన్నాడు, నెలలో కొరియర్‌లో వస్తాయని 3,000 అడ్వాన్స్ తీసుకున్నాడు. నెలకు ఖర్చెంత అవుతుందని అడిగాను. "పదిహేను వందలు సార్, మీరు తినేదే కాస్త పెట్టండి" అన్నాడు. ఆ మాట నమ్మే మా ఆవిడను ఒప్పించాను.

నాలుగో రోజు పొద్దున వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి విరేచనంలో రక్తం. ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. డాక్టరు గారు స్ట్రిప్ టెస్ట్ చేసి పార్వో అన్నారు, కుక్కపిల్లల పేగులకు సోకే ప్రాణాంతకమైన జబ్బు. నోరు తెరిచి పళ్లు చూసి, "ఎన్ని రోజుల పిల్లని చెప్పారు?" అని అడిగారు. 45 అన్నాను. "ఐదు వారాలు కూడా నిండినట్టు లేదండీ" అన్నారు. టీకాల పుస్తకం చూపిస్తే పక్కన పెట్టేశారు. అందులో చేత్తో రాసిన తేదీ, ఏదో సంతకం ఉన్నాయంతే. నిజంగా టీకా వేస్తే సీసా మీది స్టిక్కర్ తీసి అతికిస్తారు, దాని మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది. మా పుస్తకంలో ఆ గడి ఖాళీ. మనవాళ్లలో ఎంతమంది ఆ స్టిక్కర్ కోసం చూస్తారో నాకు అనుమానమే, నేనైతే చూడలేదు.

ఆరు రోజులు రోజూ సెలైన్, ఇంజెక్షన్లు. ఆఫీసుకు సెలవు పెట్టి ఆ బల్ల పక్కనే కూర్చున్నాను. 14,500 అయింది. బంటి బతికింది. పక్క బల్ల మీద ఉన్న పిల్ల బతకలేదు, దాన్ని తెచ్చిన కాలేజీ కుర్రాడు బయట మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాడు.

అమ్మినతనికి ఫోన్ చేస్తే, "మీరు పెరుగన్నం పెట్టారు కదా సార్, అందుకే" అన్నాడు. పార్వో అనేది వైరస్, పెరుగన్నంతో రాదు. సోకాక బయటపడటానికి మామూలుగా కొన్ని రోజులు పడుతుంది, అంటే దాదాపు ఖాయంగా అతని దగ్గరి నుంచే వచ్చింది. గట్టిగా అడిగేసరికి, ఇంకో పిల్లను సగం రేటుకు ఇస్తానన్నాడు. దయచేసి అలాంటి దానికి ఒప్పుకోకండి. ఆ వైరస్ ఇంట్లో, పెరటి మట్టిలో నెలల తరబడి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్‌తోనే కడగాలి. టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను అదే ఇంట్లోకి తెస్తే దానికీ అదే గతి. నేను వద్దన్నాక నంబర్ బ్లాక్ చేశాడు.

పేపర్లు ఎలాగూ రాలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, తల్లీతండ్రీ రెండూ కేసీఐలో నమోదై ఉండి, పిల్లలు పుట్టినప్పుడు పెంపకందారే వాటిని నమోదు చేయించాలి. దానికి పిల్లకు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) కూడా ఉండాలి. అది జరగకుండా "పేపర్లు తర్వాత వస్తాయి" అనేది ఉత్తమాట. అంతెందుకు, 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అసలు అమ్మకూడదు. అమ్మేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. మన దగ్గర అందరి నోటా నలిగే "45 రోజుల పిల్ల" అనే మాటే నిబంధనకు విరుద్ధం.

ఇక ఖర్చు సంగతి. పదిహేను వందల చొప్పున ఏడాదికి 18,000 అవ్వాలి కదా. పిల్ల ధర పక్కన పెట్టినా నాకు 90,400 అయింది.

అందులో తిండే 37,500. మొదటి ఐదు నెలలు మధ్యరకం ప్యాకెట్ ఫుడ్, నెలకు సగటున 2,600. తర్వాత ఆకలి పెరిగింది. సగం ప్యాకెట్, సగం ఇంట్లో ఉడికించిన అన్నం, చికెన్, గుడ్లు కలిపి పెడుతున్నా నెలకు 3,500కు తగ్గట్లేదు. "మీరు తినేదే పెట్టండి" అనే సలహా ఖరీదు కూడా చెబుతాను. మనం తినే ప్రతిదాంట్లో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్కల రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. అంటే దానికి వేరే పొయ్యి, వేరే గిన్నె. గ్యాస్ ఖర్చు నేను లెక్కలో రాయనే లేదు.

మూడు డోసుల టీకాలు, రేబిస్, నులిపురుగుల మందు కలిపి 4,500. ఇది న్యాయమైన ఖర్చు, దీనిలో మిగుల్చుకుందామని చూడకండి. రేబిస్ టీకా అయితే జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు.

నేను ఊహించనిది గోమార్లు, ఒంటికి పట్టి రక్తం పీల్చే పురుగులు. మన ఉక్కపోతకు అవి ఎలా పెరుగుతాయో పశువులున్న ఇళ్లవాళ్లకు తెలుసు, ఫ్లాట్‌లో మనకు తెలియదు. మెడ మీద వేసే మందుకు ఎనిమిది నెలల్లో 6,000 పోసినా, వానలప్పుడు రెండు నెలలు బద్ధకించాను. బంటికి గోమార్ల వల్ల జ్వరం పట్టుకుంది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. రక్తపరీక్షలు, 28 రోజుల మందుల కోర్సు కలిపి 7,500. మిగుల్చుకున్నది 1,500, పోయింది దానికి ఐదింతలు. ఈసారి గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే కొంత తగ్గేదేమో, ఆ బుద్ధి ఆలస్యంగా పుట్టింది.

మే నెలలో బెజవాడ ఎండ మీకు చెప్పక్కర్లేదు. చల్లదేశాల జాతి, ఒంటి నిండా రెండు పొరల బొచ్చు. మధ్యాహ్నం పూట మనుషులు ఆఫీసుల్లో, కుక్క ఏసీలో. ఏప్రిల్, మే కరెంటు బిల్లు అదనం 5,000. మా అమ్మ, "ఒరేయ్, నా మోకాళ్ల నొప్పులకు ఇంత చేశావా?" అంది. సమాధానం లేదు.

జూన్‌లో బంధువుల పెళ్లికి నాలుగు రోజులు, దసరాకు ఐదు రోజులు బంటిని కుక్కల బోర్డింగ్‌లో వదిలాం, రోజుకు 600 చొప్పున 5,400. సంక్రాంతికి ఇంకా టీకాలు పూర్తికాలేదని చేర్చుకోలేదు, అందరూ ఊరెళ్తే నేనూ బంటీ ఇంట్లో ఉన్నాం. గొలుసు, పరుపు, గిన్నెలు, అది కొరికేసిన చెప్పులు, అత్తయ్య కళ్లజోడు అన్నీ కలిపి 7,000. షాంపూ, గోళ్లు, గ్రూమింగ్ 3,000.

పార్వో రాకపోయినా, గోమార్ల జ్వరం రాకపోయినా 68,400 తప్పేది కాదు. లాబ్రడార్ పది పన్నెండేళ్లు బతుకుతుంది. అమ్మాయి డిగ్రీ ఫీజులూ బంటి ముసలితనం ఖర్చులూ ఒకేసారి వస్తాయని ఇప్పుడే లెక్క వేసుకుని, నెలకు వెయ్యి విడిగా పోస్టాఫీసు ఆర్‌డీలో కడుతున్నాను.

కుక్కను తెచ్చుకున్నందుకు బాధ లేదు, ఇది రాస్తుంటే నా కాలి మీద తల పెట్టి గురక పెడుతోంది. కొన్న పద్ధతే తప్పు. బిల్లు అడగలేదు. ఫోన్లో డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మాటలు మాత్రం దాచాను. వాటితోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు. మీలో ఎవరైనా ఇలాగే మోసపోయి ఉంటే మీ దగ్గరున్న స్క్రీన్‌షాట్లు చెరపకండి.

నిన్న రాత్రి వేరే నంబరుతో కొత్త ప్రకటన కనబడింది. తల్లి ఫొటో అదే, వెనకాల నీలం గోడ కూడా అదే. రేటు 16,000 చేశాడు. నెల ఖర్చు మాత్రం ఇంకా పదిహేను వందలే.